నేనట్ల అనలే

బడి నుంచి చీటీ వచ్చింది.
ఎవరు చదవాలె?
నాకు రాదు, వాళ్లవ్వకు రాదు,
తెచ్చినోడే చదివిండు:
"రేపు సెలవట బాపూ."

చీటీల సెలవు లేదు.
నన్ను రమ్మని ఉన్నది.
మూడు రోజులకు కిరాణం సేటు చూసి చెప్పిండు.
ఆ రాత్రి వల తాడుతోనే కొట్టిన తిరుమలేష్‌ను,
అబద్ధమాడిండని.

పదేండ్లయింది ఆ గేటు దాటి.
వీని పేరు రాయించిన నాడు ఏలిముద్ర ఏసి
సిరా గోడకు రాసిన.
ఆ మరక కోసం చూసిన, సున్నమేసిండ్రు.

నన్నావరే మేడం కుర్సీ ఏసింది.
ఆమె మరాఠీల అడిగింది, నేను తెలుగుల చెప్పిన,
నడుమ చప్రాసి ఓదెలు
ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసిండు.
సిరొంచకు బిర్జి పడకముందు
నా పడవ చేసిన పనే.

"మీవాడు అబద్ధమాడలే అన్నా.
ఆ చీటీ వానికి చదవరాలే."

తొమ్మిదోది. పదిహేనేండ్లు. మూతి మీద నూగు.
ఇన్నేండ్లు పక్కోని నోరు చూసి పెదాలాడిచ్చిండట.
పాఠమంత చెవులల్ల దాసుకొని
పుస్తకం తెరిచి నిలవడ్డడట.
పేజీ తిప్పుడు ఒక్కనాడు ఆలస్యమైంది,
అట్ల దొరికిండు.

నా కుడిచెయ్యి మోకాలి మీదున్నది.
దాన్ని ఏడ పెట్టాల్నో తెల్వలే.

"ఇంట్ల చదివిపియ్యండి" అనేటోళ్లు ముందటి సార్లు,
నూనె లేనింటికొచ్చి దీపమడిగినట్టు.
ఈమె అట్ల అనలే.
"నీకేమొచ్చు?" అన్నది.
తిట్టనుకున్న. కాదు, నిజంగనే అడిగింది.

"ప్రాణహిత వచ్చు" అన్న.
ఇసుక ఏడ మేటేస్తది, సుడి ఏడ తిరుగుతది,
గోదాట్ల కలిసినంక గూడ
ఏ నీళ్లు ఎవరియి,
చెప్పుకుంట పోయిన. ఓదెలు అలిసిపోయిండు.

"ఇవే చెప్పు. వాడు రాస్తడు.
మాట తెలుగే, అక్షరం మరాఠీది.
ముందుగాల మాట వాంది కావాలె."

చేపల గంప కడిగినంక గడపల కూసున్నం.
వాడు గోడకు ఒరగకుంట కూసున్నడు.
ఎందుకో నాకెరుక.
తప్పయింది కొడుకా అననీకి నోరు రాలే.
"రాయి" అన్న,
"సుడి ముందు నీళ్లు నున్నగైతయి."

పైన గీత గీసి, దానికి అక్షరాలేలాడగట్టిండు
దండేనికి చేపలెండేసినట్టు.
"ఇగ చదువు."

"సుడి... ముందు... నీళ్లు... సల్లగైతయి."

"నేనట్ల అనలే."

మల్ల చూసిండు. ఏలు ఎనక్కి జరిగింది.
అందాజ కాదు, పక్కోని నోరు కాదు,
కన్నే పోయింది అక్షరం దాకా.
"ను... న్న... గ."
"ఆ. అట్లన్న."

తునికాకు కట్టలు లెక్కవెట్టుకుంట వాళ్లవ్వ అన్నది:
"నాయెప్పుడు రాస్తవురా?
అడివి మీ బాపుకేం తెలుసు?"
ఆమె చెప్తే పేజీలాగది.
లెక్క తప్పినా ఆగలే.

శనివారం మేడం వస్తది.
మా నోటుబుక్కు ఆమెకు సక్కగ తిరగదు.
"సుడి"ని "చూడీ" అని చదివితే
"నదిల గాజులేడియి మేడం" అని నవ్విండు వాడు.
ఆమె ఏలు గూడ ఎనక్కి జరిగింది.
అది వాడు చూసిండు,
మస్తుసేపు చూసిండు.

ఆర్నెల్ల పరీక్షల మరాఠీ పదకొండే.
దాయలే. తెచ్చి గంప మీద పెట్టిండు.
తడికి అంకె అలుక్కపోయింది.
ఎన్నని అడిగితే వాడే చెప్పిండు.

నిన్న ఇంకో చీటీ.
నాలుగు గీతలకు పొయ్యి మీది ఎసరు మసిలింది.
నేను తొందరవెట్టలే.

"రేపు... సెలవు లేదు బాపూ.
నిన్ను రమ్మన్నరు."

సేటు దగ్గరికి పోలే.
అంగీ ఉతుక్కున్న.